మూడు రకాల మైనం, ఒక కాన్వాసు సంచి: మన వానకు ఏది నిలుస్తుంది?

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద, గుడ్డ వానకు తడవకుండా పూసే మైనం మూడు రకాలు ఉంది. పక్కన ఖాకీ కాన్వాసు సంచి, ఒక కాటన్ జాకెట్టు, ఒక టోపీ. తొందరలో ఉన్నవాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. మన ఎండకు, మన ఉక్కకు ఇంట్లో కలుపుకున్న మైనమే గెలిచింది. అది కూడా సంచికి, టోపీకి, జాకెట్టు భుజాలకు. జాకెట్టు మొత్తానికి మైనం పట్టించమని ఎవరైనా సలహా ఇస్తే, వాళ్లు చలిదేశంలో కూర్చుని చెబుతున్నారని అర్థం. ఎందుకో చూపిస్తాను, ఉండండి.

ముందు నీళ్లు పోద్దాం. ఇది సంచి అడుగు భాగం, వాడి వాడి పాత మైనం అరిగిపోయిన చోటు. చెంచాడు నీళ్లు పోస్తున్నాను. చుక్క పడీ పడగానే మచ్చ నాలుగు పక్కలకూ పాకిపోయింది. పత్తి పోగు తత్వమే అంత, నీళ్లు కనిపిస్తే తాగేస్తుంది. ఇప్పుడు ఈ పక్క, నిన్న మైనం పట్టించిన చోట పోస్తున్నాను. నీళ్లు గుండ్రంగా నిలబడ్డాయి చూడండి. సంచిని కాస్త వంచితే జారి కింద పడ్డాయి. లోపలి వైపు చెయ్యి పెట్టి చూస్తున్నాను, తడి లేదు. మైనం పోగుల మధ్య సందులను పూడ్చి, పోగుల మీద పలుచటి పొరగా కూర్చుంటుంది. నీటికి పట్టు దొరకదు.

అయితే ఇంకొక్క చుక్క వేసి, ఈసారి దాని మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దుతాను. ఇదిగో, వెనక తడి వచ్చేసింది. ఈ ఒక్క దృశ్యం గుర్తు పెట్టుకుంటే మైనం గుడ్డ నుంచి ఏం ఆశించాలో తెలిసిపోతుంది. సంచి పట్టీ భుజాన్ని నొక్కే చోట, స్కూటరు మీద మోచేయి మడిచే చోట, ఒత్తిడి ఉన్న ప్రతి చోటా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. జల్లుకు సరే, బజారు నుంచి ఇంటికి వచ్చేలోపు పట్టుకునే వానకు సరే. గాలివానకు మాత్రం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసిన జిల్లాల వాళ్లం మనం. అలాంటి రోజున గుడ్డకు ఏం పూశామన్న చర్చే అనవసరం, తలుపులు బిగించుకుని ఇంట్లో ఉండాలి.

ఇక మైనాల సంగతి. మొదటిది డబ్బాలో వచ్చే మెత్తటి మైనం, నూనె కలిసిన రకం. డబ్బాను వేడినీళ్లలో పెట్టి కరిగించి, స్పాంజితో పూయాలి. ఈ రకానికి పెద్ద చరిత్రే ఉంది. పడవల మీద తిరిగే బ్రిటన్ నావికులు తెరచాప గుడ్డకు అవిసె నూనె పట్టించి ఒంటిమీద కప్పుకునేవారు. ఆ నూనె చలికి బిగుసుకుపోయేది, పాతబడేకొద్దీ పసుపురంగుకు తిరిగేది. 1930లలో పారాఫిన్, అంటే కొవ్వొత్తుల మైనం, పట్టించిన నూలు గుడ్డ వచ్చాక ఆ బాధ తీరింది. సౌత్ షీల్డ్స్ అనే రేవు పట్టణంలో 1894లో మొదలైన జె. బార్బర్ అండ్ సన్స్ ఈ రకం జాకెట్లకు ఇవాళ్టికీ పేరున్న కంపెనీ. ఇంగ్లండు చలిలో మెత్తటి మైనం గుడ్డను వంగేలా ఉంచుతుంది, మడతల దగ్గర పగలనివ్వదు.

మన దగ్గర అదే గుణం తలనొప్పి అవుతుంది. నా దగ్గరున్న డబ్బా ఏ కంపెనీదో చెప్పను, తప్పు దానిది కాదు, వాతావరణానిది. పూత అందం విషయంలో దీనికి సాటి లేదని ఒప్పుకోవాలి. చారలు లేకుండా, కొత్త గుడ్డలా నిగనిగలాడింది. కానీ మే నెల మధ్యాహ్నం ఈ జాకెట్టు చేతిని పట్టుకున్నాక నా అరచెయ్యి చూడండి. జిడ్డు. కోట దగ్గర నుంచి రైల్వే స్టేషను దాకా వెళ్లి వస్తే రోడ్డు మీద దుమ్మంతా చేతుల మీదే ఉంది. లోపల వేసుకున్న చొక్కా కాలరుకూ మరక అంటింది. ఈ రకం వద్దు.

రెండోది సబ్బు బిళ్లలా గట్టిగా ఉండే రెడీమేడ్ మైనం. ఈ తరహాలో బాగా తెలిసింది స్వీడన్‌కు చెందిన ఫ్యాల్‌రావెన్ వారి గ్రీన్‌లాండ్ వ్యాక్స్. అందులో 90 శాతం పారాఫిన్, 10 శాతం తేనె మైనం. నేను వాడింది వేరే కంపెనీ బిళ్ల, సరుకు మాత్రం అదే కోవ. నూనె లేదు కాబట్టి జిడ్డు లేదు. రుద్దడం తేలిక, వాసన లేదు. దీని మీద నాకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ధర. విడిగా మైనం కొని కలుపుకుంటే అయ్యే ఖర్చుకు అది చాలా రెట్లు. ఒక్క టోపీ మాత్రమే ఉన్నవాళ్లు హాయిగా బిళ్లే కొనుక్కోండి, పొయ్యి దగ్గర తంటాలు ఉండవు.

మూడోది, ఇంట్లో కలిపింది. దీని దగ్గర కాస్త ఆగుదాం.

పారాఫిన్ మైనం కొవ్వొత్తులు చేసేవాళ్లకు సరుకు అమ్మే చోట దొరుకుతుంది. 58–60 గ్రేడు అని అడగండి. అది కరిగే వేడి అన్నమాట, 58 నుంచి 60 డిగ్రీలు. తక్కువ వేడికే కరిగే రకం ఇస్తే మన ఎండలో గుడ్డ మెత్తబడి అంటుకుంటుంది. ఇంట్లో మిగిలిన తెల్ల కొవ్వొత్తి ముక్కలు కూడా పనికి వస్తాయి. రంగు కొవ్వొత్తులు మాత్రం వద్దు, రంగు గుడ్డకు ఎక్కుతుంది.

తేనె మైనం దగ్గర జాగ్రత్త కావాలి. సీతంపేట వైపు కొండల్లో తేనె తీసేవాళ్లు ఉన్నారు, పట్టు పిండిన తరువాత మిగిలేది ఇదే. బజారులో తేనె మైనం పేరుతో పారాఫిన్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఈ ముక్క విరుస్తున్నాను. విరిగిన చోట మెరుపు లేదు, రవ్వ రవ్వగా ఉంది, కాస్త తేనె వాసన వస్తోంది. చేతిలో కాసేపు పిసికితే మెత్తబడుతోంది. ఇదిగో పారాఫిన్, సగం అద్దంలా ఉంది, జారుతోంది, వాసన లేదు. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పారాఫిన్ కంటే పట్టు ఎక్కువ, పెళుసుదనం తక్కువ. అందుకే నేను 90–10 దగ్గర ఆగలేదు. 80 గ్రాముల పారాఫిన్‌కు 20 గ్రాముల తేనె మైనం వేశాను. మడతల దగ్గర పగుళ్లు తగ్గాయి. ఇంకా ఎక్కువ వేస్తే గుడ్డ చేతికి అంటుకోవడం మొదలవుతుంది, కాబట్టి అక్కడ ఆగండి.

కరిగించే పద్ధతి ఒక్కటే. పెద్ద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో చిన్న గిన్నె, చిన్న గిన్నెలో మైనం. గిన్నెను నేరుగా మంట మీద పెట్టవద్దు. నీళ్లు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, మైనానికి నిప్పంటుకునే దాకా పోదు. ఎప్పుడైనా అంటుకుంటే పొయ్యి ఆపి మూత పెట్టండి, నీళ్లు పోస్తే మంట ఎగసి మీద పడుతుంది. కరిగినది కాగితం కప్పులో పోసి చల్లారనివ్వండి, కప్పు చింపేస్తే బిళ్ల చేతికి వస్తుంది. ఇడ్లీ రేకుల్లో పోస్తే ముద్దుగా వస్తాయి గానీ, మా ఇంట్లో ఆ మాట ఎత్తినందుకే రెండు రోజులు టిఫిను కరువయ్యేది.

అవిసె నూనె కలపమని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఆ నూనె తడిసిన గుడ్డపేలికలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది వట్టి భయం కాదు, వడ్రంగం పని చేసే చోట్ల తెలిసిన ప్రమాదమే.

రుద్దే ముందు సంచిని ఒక మనిషికి చూపించాను. గంటస్తంభం దగ్గరి బజారులో లారీలకు టార్పాలిన్లు కుట్టే పెద్దాయన. "మేస్త్రీ గారూ, ఇది ముందు ఎక్కడ కారుతుంది?" అని అడిగాను. ఆయన సంచిని తిరగేసి, గోటితో కుట్టు వెంట గీశారు. "ఇదిగో ఇక్కడమ్మా. కారేది గుడ్డ కాదు, సూది కన్నం. ముందు దీన్ని నింపుకో, మిగతాది తరువాత చూసుకోవచ్చు" అన్నారు. "దారం లావుగా ఉంది కదా, అదే పూడ్చెయ్యదా?" అన్నాను. "ఆ దారం నూలుదైతే ఉబ్బి పూడుస్తుంది. ఇది నైలానుది తల్లీ, ఉబ్బదు" అన్నారు. ఇంటర్నెట్టులో ఎన్నో వీడియోలు చూశాను, ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

కాబట్టి కుట్లతో మొదలుపెడుతున్నాను. గుడ్డ శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. దుమ్ము బ్రష్షుతో దులిపి, మరకలను చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి. సబ్బు పొడి తగలనివ్వద్దు. సబ్బు గుడ్డలో మిగిలితే నీళ్లను రమ్మని పిలుస్తుంది. బిళ్ల అంచుతో కుట్టు మీద ముందుకూ వెనక్కూ, సూది కన్నాలు తెల్లగా నిండేదాకా రుద్దాలి. తరువాత మిగతా గుడ్డ, నేత వెంట. ఇప్పుడు చూడటానికి సుద్ద రాసినట్టు వికారంగా ఉంది, కంగారు పడకండి. హెయిర్ డ్రయ్యర్ జానెడు దూరంలో పట్టుకుంటున్నాను. ఇక్కడ చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. తెల్ల చారలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి, ఆ చోట ఖాకీ ముదురు రంగుకు తిరుగుతోంది. మైనం లోపలికి దిగిందనడానికి గుర్తు ఆ రంగు మారడమే. మెరుపు పైన నిలిచిందంటే మైనం ఎక్కువైంది, వేడిగా ఉండగానే పాత గుడ్డతో తుడిచేయండి. రెండు పలుచటి పూతలు ఒక మందపాటి పూత కంటే ఎంతో మేలు.

డ్రయ్యర్ లేకపోతే ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీద పెట్టి, మధ్యలో మందపాటి గోధుమరంగు కాగితం వేసి నడపండి. వార్తాపత్రిక వద్దు, అచ్చు సిరా గుడ్డ మీదికి దిగుతుంది. మే నెలలో అయితే పని మొదలుపెట్టే ముందు గుడ్డను డాబా మీద కాసేపు పరవండి. వేడెక్కిన గుడ్డ మీద బిళ్ల నెయ్యిలా జారుతుంది. పని అయ్యాక ఒక రాత్రి నీడలో వేలాడదీయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. సంచిలో పొడి కాగితాలు నింపి, స్నానాల గదిలో షవరు కింద పది నిమిషాలు పెట్టాను. రెడీమేడ్ బిళ్ల పూసిన వైపు, ఇంట్లో కలిపింది పూసిన వైపు, రెండు వైపులా కాగితాలు పొడిగానే ఉన్నాయి. ఒకే ఒక్క చోట తడి తగిలింది, జిప్పు దగ్గర. జిప్పుకు మైనంతో సంబంధం లేదు, దాని మీదికి గుడ్డ మూత ఉన్న సంచి కొనుక్కోవాలి. అయితే వాడకంలో తేడా బయటపడింది. మడతల దగ్గర రెడీమేడ్ వైపు తెల్లటి గీతలు పడ్డాయి, మన మిశ్రమం వైపు అవి చాలా తక్కువ. ఆ గీతలు కొందరికి ఇష్టం, పాత తోలు సంచి అందం వస్తుందంటారు. నాకు మాత్రం సున్నం గోడకు రాసుకున్నట్టు కనిపిస్తాయి. వద్దనుకుంటే డ్రయ్యర్ ఒక్కసారి చూపిస్తే పోతాయి.

జాకెట్టు గురించి మొదట అన్న మాటకు వస్తాను. మైనం నీళ్లను ఆపే దారిలోనే గాలినీ ఆపుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో జూన్ వాన అంటే చల్లదనం కాదు, పైన తడి, కింద ఆవిరి. వీపు మొత్తం మైనం పట్టించిన జాకెట్టు వేసుకుంటే వాన బయట ఆగుతుంది, చెమట లోపల ఆగుతుంది, మనిషి రెండు విధాలా తడుస్తాడు. భుజాలు, టోపీ, చేతుల పైభాగం చాలు. చంకలు, వీపు వదిలేయండి.

గుడ్డ ఏదన్నది కూడా ముఖ్యం. నూలు ఉండాలి. పూర్తి నైలాను, పాలిస్టరు గుడ్డకు మైనం పట్టదు, పైనే పొలుసులా లేస్తుంది. ఫ్యాల్‌రావెన్ వారి గుడ్డలోనే 65 శాతం పాలిస్టరు, 35 శాతం నూలు, ఆ నూలు ఉండబట్టే పని జరుగుతుంది. జీన్సుకూ పడుతుంది. పొందూరు ఖద్దరుకు పట్టించవచ్చా అని ఒకరు అడిగారు. అయ్యా, వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, అంత సన్నటి నూలు తీసి, గాలి ఆడేలా నేసిన గుడ్డ అది. దానికి మైనం రుద్దాలన్న ఆలోచన రావడమే నేరం. గొడుగు పట్టుకెళ్లండి.

ఉతకడం మానేయాలి. వాషింగ్ మెషిన్, వేడినీళ్లు, సబ్బు, మూడూ మైనాన్ని లాగేస్తాయి. బురద అంటితే ఆరనిచ్చి దులపడం, చల్లటి నీళ్లతో తుడవడం, అంతే. తడి సంచిని బీరువాలో మడిచి పెడితే మన గాలి తేమకు వారంలో బూజు పడుతుంది, కొక్కేనికి వేలాడదీయండి. తెల్ల బట్టల పక్కన వద్దు. ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. ఇంకొకటి, మైనం గుడ్డకు తేలిగ్గా నిప్పంటుకుంటుంది. దీపావళి నాడు టపాకాయల దగ్గరికి, రోజూ పొయ్యి దగ్గరికి ఇది వేసుకుని వెళ్లకండి. వంటింటి ఏప్రానుకు అసలే పట్టించకండి.

మళ్లీ ఎప్పుడు పూయాలన్నది తేదీ చూసి చెప్పేది కాదు. చెంచాడు నీళ్లు పోయండి, మచ్చ పాకితే పూయాలి. సాధారణంగా జూన్ వానల ముందు ఒకసారి మొత్తం, అక్టోబరు తుపాన్ల కాలానికి ముందు కుట్లు, భుజాలు మాత్రమే. రుద్దుడు తగిలే అడుగు భాగం మిగతా అన్ని చోట్ల కంటే ముందే అరుగుతుంది.

చివరగా, ఇస్త్రీ పెట్టెతో చేసినవాళ్లకు ఒక మాట. పెట్టె అడుగున మైనం తప్పకుండా అంటి ఉంటుంది. ప్లగ్గు పెట్టి కాస్త వేడెక్కనిచ్చి, పాత నూలు గుడ్డ మీద నాలుగైదు సార్లు గట్టిగా నడపండి, మరక రావడం ఆగేదాకా. ఆ పని అయ్యాకే ఇంట్లోవాళ్ల తెల్ల చొక్కా జోలికి వెళ్లండి. ఉంటాను.