మాట నమ్మని ఊరు

సభాధ్యక్షులకు, నన్ను పిలిచిన మిత్రులకు, సెలవు రోజును ఈ చర్చ కోసం అట్టేపెట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. భయానక కథల్లో పూర్వకథ నిర్మాణం గురించి మాట్లాడమన్నారు. అందుకోసం రాసుకున్న కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి కానీ, ‘ఇట్: వెల్‌కమ్ టు డెరీ’ మొదటి రెండు భాగాలు చూశాక వాటిలో సగం పక్కన పెట్టక తప్పలేదు.

ఈ ధారావాహిక 2025 అక్టోబరు 26న హెచ్‌బీఓలో మొదలైంది. స్టీఫెన్ కింగ్ 1986 నాటి నవల ఆధారంగా ఆండీ ముషియెట్టి 2017లో, 2019లో తీసిన రెండు సినిమాలకు ఇది పూర్వకథ. మొదటి సినిమా 1989లో జరుగుతుంది. ఇది అంతకు 27 ఏళ్ల ముందు, 1962లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న డెరీ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. 27 ఏళ్లకోసారి మేల్కొని పిల్లలను బలిగొనే ఆ శక్తి ఇప్పుడు ఎవరు ఏం చేసినా చావదని, మళ్లీ వస్తుందని మనకు ముందే తెలుసు. ముగింపు తెలిసిన కథలో భయం ఎక్కడి నుంచి పుట్టాలన్నదే పూర్వకథ రాసేవారికి ఎదురయ్యే కష్టం.

మొదటి భాగం ఈ కష్టాన్నే ఆయుధంగా వాడుకుంది. టెడ్డీ యూరిస్ అనే పిల్లవాడి ఇంటిపేరు వినగానే, సినిమాల్లోని స్టాన్లీ యూరిస్ అనే కుర్రాడు గుర్తొచ్చి, వీడు అతని తండ్రే అయి ఉంటాడు, బతుకుతాడులే అని మన మనసు కుదుటపడుతుంది. ఆ నమ్మకంతోనే అతని వెంట సినిమా హాల్లోకి వెళతాం. ఊళ్లో తప్పిపోయిన మ్యాటీ అనే పిల్లవాడు తెర మీద కనిపిస్తాడు, అతని చేతుల్లోని రెక్కల శిశువు తెర చీల్చుకుని బయటికి వస్తుంది, టెడ్డీతో పాటు అతని స్నేహితుడు ఫిల్, ఫిల్ చెల్లెలు సూసీ కూడా చనిపోతారు. మనకు తెలిసిందన్న ధీమా మీదే దెబ్బ కొట్టిన ఆ నిర్మాణ నైపుణ్యాన్ని మనసారా మెచ్చుకుంటున్నాను.

అయితే, రెండు భాగాలు గడిచినా, ఆ శక్తి ధరించే విదూషకుడి రూపమైన పెన్నీవైజ్ ముఖం కనిపించలేదని నిరాశపడుతున్న మిత్రులతో నాకు పేచీ ఉంది. దయచేసి టెడ్డీ ఇంటి భోజనాల బల్ల దగ్గరి దృశ్యాన్ని మరొకసారి చూడండి. తప్పిపోయిన పిల్లవాడి గురించి అతను అడిగిన ప్రశ్నకు, తండ్రి నాజీల బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో మనిషి చర్మంతో చేసిన దీపపు తొడుగుల సంగతి చెప్పి, అసలైన ఘోరాలు అవేనని గద్దించి నోరు మూయిస్తాడు. ఆ రాత్రి టెడ్డీ గదిలోని దీపపు తొడుగు మీద మనుషుల ముఖాలు తేలుతాయి. రాకాసి ఆ పిల్లవాడి దగ్గరికి వచ్చిన రూపం అతని తండ్రి మాటల్లోంచి పుట్టింది.

ఇక్కడ నా సొంత జ్ఞాపకం ఒకటి చెప్పడానికి అనుమతించండి. నాకు తొమ్మిదేళ్లప్పుడు నా పక్కన కూర్చునే పిల్లవాడు చొక్కా చేయి పైకి మడిచి, ఇంట్లో తిన్న దెబ్బలు చూపించాడు. నేను వెళ్లి పెద్దలకు చెప్పాను. ఒకరు, పిల్లలన్నాక అల్లరి చేస్తారు, తల్లిదండ్రులు కొడతారు అన్నారు. మరొకరు, పెద్దల విషయాలు నీకెందుకు అన్నారు. కొద్ది రోజులకు అతను బడికి రావడం మానేశాడు. అతను ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. నేను కూడా మళ్లీ అడగలేదు. ఆ ఖాళీ చోటు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

రెండవ భాగం చూస్తున్నప్పుడు ఆ చోటే గుర్తొచ్చింది. ఆ సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే హ్యాంక్ గ్రోగన్ నల్లజాతీయుడు. పిల్లల చావుల నింద ఆయన మీద పడుతుంది. ఆ రాత్రి ఆయన అక్కడ లేడని ప్రాణాలతో బయటపడిన లిల్లీ అనే అమ్మాయికి తెలుసు. తండ్రి చనిపోయిన తరువాత ఒకసారి జునిపర్ హిల్ మానసిక ఆసుపత్రిలో ఉండివచ్చిన ఆ పిల్లను, మళ్లీ అక్కడికే పంపిస్తామని పోలీసు అధికారి బెదిరించి, ఆయన లేడని కచ్చితంగా చెప్పలేనని ఆమె నోటితోనే పలికిస్తాడు. అమెరికాలో జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం రావడానికి ఇంకా రెండేళ్లున్న 1962లో, నిందితుణ్ణి వెతకడానికి ఆ ఊరికి అంతకంటే శ్రమ అక్కరలేదు. అదే భాగంలో నడివీధిలో కొందరు కుర్రాళ్లు ఒక పిల్లవాణ్ణి కొడుతుంటే ఊరివాళ్లు నిలబడి చూస్తారు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన షార్లెట్ హాన్లన్ ఒక్కతే అడ్డుపడుతుంది. ఊరి జనం ఆమెను చూసిన ఆ చూపు కంటే భయంకరమైనది ఏ రాకాసి ముఖంలో ఉంటుందో, పెన్నీవైజ్ కోసం ఎదురుచూస్తున్న మిత్రులే నాకు చెప్పాలి.

రెండవ భాగం చివర లిల్లీని మళ్లీ జునిపర్ హిల్‌కే తీసుకువెళతారు. నేను అక్కడ ఆపి, చాలాసేపు అలాగే కూర్చున్నాను. మూడవ భాగం తప్పకుండా చూస్తాను. ఆ పిల్ల దగ్గరికి ఎవరైనా వెళ్లి, నువ్వేం చూశావో చెప్పు అని అడుగుతారేమోనని చూస్తాను.