పైపు పైల్ తల క్యాప్‌లోకి ఎంత లోతు వెళ్లాలి?

అందరికీ నమస్కారం.

స్టీల్ పైపు పైల్, అంటే కట్టడం బరువు మోయడానికి నేలలోకి దించే ఉక్కు పైపు, అనగానే దాన్ని భూమిలోకి ఎంత దించాలన్నదే అందరూ మాట్లాడతారు. నేను దాని పై కొస గురించి మాట్లాడతాను. పైల్ తల, దాని మీద పోసే కాంక్రీట్ దిమ్మలో, అంటే క్యాప్‌లో, ఎంత లోతు కూరుకుని ఉందన్నది చాలా డ్రాయింగుల్లో పాత డ్రాయింగ్ చూసి వేసేసే అంకె. నాకు బాధ కలిగించేది అదే.

కిందికి నొక్కే బరువు ఒక్కటే ఉంటే దిగులు లేదు. 100, 150 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లినా, కాంక్రీట్ ఆ ఒత్తిడికి తట్టుకుంటే చాలు. గాలో భూకంపమో పక్కకు తోసినప్పుడే అసలు పరీక్ష. డిజైనర్ కంప్యూటర్‌లో పైల్ తల ‘ఫిక్స్‌డ్’, అంటే తిరగకుండా బిగించినది, అని ఇచ్చేస్తాడు. డ్రాయింగ్‌లో మాత్రం అదే 150. నేల గట్టిదనం లోతంతా ఒకేలా ఉంటే, పొడవాటి పైల్ తలను తిరగనివ్వకుండా బిగిస్తే వచ్చే కదలిక, వదిలేస్తే వచ్చేదాంట్లో సగమే. అంటే బిగించామనుకుని బిగించకపోతే, లెక్కలో చూపిన కదలిక రెట్టింపు దాకా పోవచ్చు.

పక్కకు తోసినప్పుడు క్యాప్ లోపల ఏం జరుగుతుందో చూడండి. క్యాప్ అడుగు దగ్గర పైపు ఒకవైపు కాంక్రీట్‌ను నొక్కుతుంది, తల దగ్గర ఎదురువైపు నొక్కుతుంది. ఈ రెండు తోపుల మధ్య దూరమే మొమెంట్‌ను, అంటే తలను తిప్పాలని చూసే బలాన్ని, మోస్తుంది. కర్రను వేళ్ల కొసలతో పట్టుకోవడానికీ, పిడికిలి నిండా పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే. అందుకే పూర్తిగా బిగించాలంటే మామూలుగా పైపు వ్యాసానికి ఒకటి నుంచి రెండు రెట్ల లోతు కావాలి. 600 మిల్లీమీటర్ల పైపుకి 150 ఏ మూలకి?

లోతు పెంచితే క్యాప్ అడుగు రాడ్లకి పైపు అడ్డొస్తుంది. అప్పుడు సైట్‌లో రాడ్లు కోసేస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి, క్యాప్ నిలబడేది వాటిమీదే. రాడ్లు పైపుల మధ్యనుంచి పోవాలా, తలల పైనుంచి పోవాలా అన్నది డ్రాయింగ్‌లోనే తేలాలి. పైనుంచి పోతే క్యాప్ మందం పెరుగుతుంది.

ఇంకో దారి, పైపు లోపల రాడ్లతో కట్టిన బోను (కేజ్) దించి, కాంక్రీట్ నింపి, ఆ రాడ్లను క్యాప్‌లోకి తీసుకెళ్లడం. నాకు ఇదే ఇష్టం. కానీ లోపలి గోడకి మట్టి అంటుకుని ఉంటే కాంక్రీట్ పట్టదు. గీకి, కడిగి, వెలుతురు వేసి చూడాలి. పైపును పైకి లాగే బలం ఉన్నచోట నున్నటి స్టీల్ పట్టును నమ్ముకోకూడదు, లోపలి గోడకి రింగులు వెల్డ్ చేయించండి.

అంచున ఉన్న పైల్స్ విషయంలో ఇంకా జాగ్రత్త. అక్కడ పైపు బయటివైపు తోస్తే ఆపడానికి కాంక్రీట్ తక్కువ. అది పగలకుండా పైపు చుట్టూ రింగు రాడ్లు వేయించి, కాంక్రీట్ పోసే ముందు మీరే దగ్గరుండి చూడండి.