నీస్ వెళ్తున్నారా? ముందు చెప్పుల సంగతి చూసుకోండి

ఒక్క నిమిషం, ఏం మాట్లాడను. వినండి... వినిపించిందా? అది అల చప్పుడు కాదండీ, రాళ్ల చప్పుడు. అల వెనక్కి లాగినప్పుడల్లా గులకరాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లి గలగలమంటాయి. ఫ్రాన్స్‌లో నీస్ బీచ్ ఇది. ఇసుక లేదు, అన్నీ రాళ్లే.

నేను వైజాగ్ వాణ్ణి. ఆర్కే బీచ్‌లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే అలవాటు. మొదటిరోజు ఇక్కడా అదే చేశా. నీళ్లలోకి నిలబడి వెళ్లానుగానీ, బయటికి మాత్రం దోగాడుకుంటూ వచ్చా. పక్కనున్న ముసలావిడ రబ్బరు బూట్లేసుకుని దర్జాగా నడిచెళ్లిపోయింది. అందుకే వాటర్ షూస్ ఇంటి దగ్గరే కొని సూట్‌కేసులో పడేయండి. ఇంకో మాట, ఒడ్డు నుంచి నాలుగడుగులు వేసేసరికే లోతొచ్చేస్తుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

పడక కుర్చీలు, గొడుగులు ఉన్న చోట్లు ప్రైవేటువి, డబ్బులు కట్టాలి. వాటి మధ్యలో ఉన్నవి అందరివీ. అసలు నన్నడిగితే నీస్‌లో సుఖం నీళ్లలో కంటే పైన రోడ్డు మీదే ఎక్కువ. ప్రొమెనాడ్ దెజాంగ్లే అంటారు, ఇంగ్లిష్ వాళ్ల బాట అని అర్థం. చలికాలం ఇక్కడ గడపడానికొచ్చిన ఇంగ్లిష్ వాళ్లు 1820ల్లో డబ్బులిచ్చి వేయించారు. ఇప్పుడు దాదాపు 7 కిలోమీటర్లు. పొడవునా నీలం కుర్చీలు, ఫ్రీ. సాయంత్రం ఒకటి పట్టుకుని కూర్చుంటే మన బీచ్ రోడ్డే గుర్తొస్తుంది, మురీ మిక్చర్ బండి ఒక్కటే తక్కువ.

హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు, గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మారాలి. ఎయిర్‌పోర్టులో దిగాక టాక్సీ జోలికి పోకండి. రెండు టెర్మినళ్ల దగ్గరా 2వ నంబరు ట్రామ్ ఆగుతుంది, ఊరి మధ్య నుంచి పోర్టు దాకా వెళ్తుంది. సముద్రం ఎదురుగా హోటల్ అక్కర్లేదు. జాన్ మెద్‌సాఁ వీధి చుట్టుపక్కల తీసుకుంటే ట్రామ్, రైలు రెండూ దగ్గర, బీచ్‌కి నడిచే వెళ్లొచ్చు. పక్కనున్న కాన్ ఊళ్లో సినిమా పండగ జరిగే మే నెలలో రేట్లు మండిపోతాయి, కుదిరితే సెప్టెంబరులో రండి, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

ఇక తిండి. వెజిటేరియన్లు జాగ్రత్తగా వినండి. ఇక్కడి ఫేమస్ వంట పేరు సొక్కా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడుమాడుగా, మధ్యలో మెత్తగా... మన శనగపిండి అట్టుకి ఫ్రెంచి చుట్టం! పైన మిరియాల పొడి చల్లి వేడివేడిగా చేత్తోనే తింటారు. నేను మూడు ప్లేట్లు లాగించా, ఇంట్లోంచి తెచ్చుకున్న కారప్పొడి ఎందుకు తెచ్చుకున్నానో అప్పుడు తెలిసింది. పిస్సలాదియేర్ దగ్గర మాత్రం మోసపోకండి. చూడ్డానికి ఉల్లిపాయలు పరిచిన రొట్టె, కానీ అందులో ఆంకోవీ అనే ఉప్పు చేప ఉంటుంది. నీస్ సలాడ్‌లోనూ చేపే. సలాడ్ కదా అని గుడ్డిగా ఆర్డరివ్వద్దు.

హోటల్లో బాటిల్ నీళ్లకి డబ్బులెందుకు? "యూన్ కరాఫ్ దో" అనండి, జగ్గుతో కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు, మంచివే. ఏ కొట్లో కాలు పెట్టినా ముందు "బోంజూర్" చెప్పండి. పలకరించకుండా ధర అడిగితే మొహం మాడ్చుకుంటారు, అందులో తప్పూ లేదు. పాత ఊళ్లో కూర్ సలేయా పూల బజారు సోమవారం ఉండదు, ఆ రోజు పాత సామాన్ల సంత. మంగళవారం మతీస్, షగాల్ అనే చిత్రకారుల మ్యూజియంలు మూసేస్తారు.

నీస్‌లోనే ఉంటూ చుట్టుపక్కలకి రైల్లో తిరగండి. మొనాకో అరగంట లోపే, వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే కిటికీ నిండా సముద్రం. కాస్త ఇసుక కావాలంటే విల్‌ఫ్రాంష్‌లో దిగండి, స్టేషన్ కిందే బీచ్. ఇక ఎజ్ అనే కొండమీది ఊరికి... నేను చేసిన పని చెయ్యకండి. ఎజ్ అని బోర్డు చూసి రైలు దిగేశా. దిగాక తలెత్తి చూస్తే ఊరు కొండ నెత్తిమీద! మండుటెండలో గంటకు పైగా ఎక్కా. నీస్ నుంచి 82వ నంబరు బస్సెక్కితే ఊరి ముందే దింపుతుంది.

ఇప్పుడు నేనున్నది కోట కొండ మీద. కోట కోసం వెతక్కండి, 1706లో పద్నాలుగో లూయీ రాజు కూల్చేయించాడు. మెట్లెక్కలేకపోతే కింద లిఫ్ట్ ఉంది, ఫ్రీ. వంపు తిరిగిన ఈ సముద్రతీరం మొత్తం ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది. ఇక్కడ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఢామ్మని పెద్ద టపాసు పేలుస్తారు. 1860ల్లో ఒక స్కాట్లండ్ దొర, భార్య కబుర్లలో పడి భోజనం వేళకి ఇంటికి రావట్లేదని మొదలెట్టించాడట. నిజమో కాదో గానీ ఊరంతా ఆ చప్పుడికే వాచీలు చూసుకుంటుంది. ఇప్పుడు టైం 11:58. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు కాస్త సౌండ్ తగ్గించుకోండి.