గ్యాస్ కంప్రెసర్ రాడ్ ప్యాకింగ్ రివ్యూ: రింగులు మార్చే ముందు రాడ్‌ను చూడండి

నమస్కారం అండి. ఈ రోజు టేబుల్ మీద మూడు సెట్ల ప్యాకింగ్ రింగులు పెట్టాను. గ్యాస్ కంప్రెసర్‌లో పిస్టన్ రాడ్ చుట్టూ కూర్చుని, సిలిండర్‌లోని గ్యాస్‌ను బయటికి రానివ్వకుండా ఆపేవి ఇవే. మొదటిది కంచు సెట్. రెండోది కార్బన్ కలిపిన పీటీఎఫ్ఈ, మనం మామూలుగా టెఫ్లాన్ అంటాం కదా, అది. మూడోది పీక్ అనే గట్టి ప్లాస్టిక్.

మూడింట్లో ఏది మంచిదో చెప్తాను. కానీ లీక్ కనబడగానే రింగులు మార్చేసి, కేస్ బిగించేసి, మెషిన్ స్టార్ట్ చేసే అలవాటు ఉంటే మాత్రం వీటిలో ఏది కొన్నా ఎక్కువ రోజులు రాదు. రింగు త్వరగా అరిగిందంటే దాని కారణం చాలాసార్లు రాడ్‌లోనో, ఆయిల్‌లోనో, కూలింగ్‌లోనో, అలైన్‌మెంట్‌లోనో దొరుకుతుంది. అందుకే ఈ వీడియోలో సగం రింగుల గురించి, మిగతా సగం వాటి చుట్టూ ఉన్నవాటి గురించి.

కెమెరా కాస్త దగ్గరికి తెస్తున్నాను. ఇది ప్యాకింగ్ కేస్‌లోని ఒక కప్పు. ఇలాంటి కప్పులు వరసగా పేర్చి, పొడవాటి స్టడ్‌లతో కలిపి బిగిస్తే కేస్ అవుతుంది. ఈ కప్పులో రెండు రింగులు జతగా కూర్చుంటాయి. రెండూ మూడేసి ముక్కలే, కానీ కోత చూడండి. ఈ రింగులో కోత మధ్య నుంచి బయటికి నేరుగా వెళ్లింది. ఇది రేడియల్ కట్. ఇందులో కోత ఏటవాలుగా, రాడ్ అంచును తాకుతూ పోయినట్టు వెళ్లింది. ఇది టాంజెంట్ కట్. రేడియల్ రింగు సిలిండర్ వైపు, టాంజెంట్ రింగు దాని వెనక ఉండాలి. మధ్యలో ఈ చిన్న డోవెల్ పిన్ ఉంది చూశారా, ఒక రింగు సందులు రెండో రింగు సందుల మీదికి రాకుండా పట్టి ఉంచేది ఇదే. ఈ పిన్ విరిగినా, పెట్టకుండా వదిలేసినా రింగులు తిరిగి సందులు ఒక వరసలోకి వస్తాయి. గ్యాస్‌కి తలుపు తెరిచినట్టే.

చుట్టూ ఉన్న గార్టర్ స్ప్రింగ్ బిగువుతోనే లీక్ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగ్ పని ముక్కల్ని విడిపోకుండా పట్టుకోవడం వరకే. సీల్ చేసేది గ్యాస్ ప్రెషరే. సిలిండర్‌లో ప్రెషర్ పెరగగానే గ్యాస్ రేడియల్ రింగు సందుల్లోంచి కప్పులోకి వచ్చి, రింగుల బయటి అంచు మీద కూర్చుంటుంది. అక్కడి నుంచి టాంజెంట్ రింగును రాడ్ మీదికి నొక్కుతుంది, జత మొత్తాన్ని కప్పు వెనక గోడకేసి అదుముతుంది. అంటే ఇక్కడ సీలింగ్ రెండు చోట్ల జరుగుతోంది: రాడ్ మీద ఒకటి, కప్పు గోడ మీద ఒకటి. రింగును తిప్పి పెట్టారనుకోండి, ఎంత ఖరీదైన సెట్ అయినా ఆ కప్పు సీల్ చేయదు. బిగువుగా ఉంటే మంచిదని గట్టి స్ప్రింగ్ వేసినా లాభం లేదు, వేడి మాత్రం పెరుగుతుంది.

సిలిండర్‌కి అన్నిటికంటే దగ్గరి కప్పులో ప్రెషర్ బ్రేకర్ ఉంటుంది. ఇది పూర్తిగా సీల్ చేయదు, చేయాల్సిన పనీ కాదు. గ్యాస్‌ను లోపలికి లాగే సక్షన్ స్ట్రోక్‌లో సిలిండర్ ప్రెషర్ ఒక్కసారిగా పడినప్పుడు ప్యాకింగ్‌లో ఉన్న గ్యాస్ వెనక్కి దూసుకొస్తుంది. ఆ దూకుడు తగ్గించి వెనక రింగులను కాపాడుతుంది.

సరే, ఇప్పుడు మెటీరియల్స్.

కంచు రింగులు. వీటి బలం వేడిని లాగేయడం. ఆయిల్ బాగా అందే, ప్రెషర్ ఎక్కువున్న పాత మెషిన్లలో ఇవి నమ్మకంగా పనిచేస్తాయి. ఆయిల్ ఆగితే మాత్రం రాడ్‌ని గీరేస్తాయి. ఇంకో పెద్ద హద్దు గ్యాస్. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న గ్యాస్ రాగి మిశ్రమాలను తినేస్తుంది. ఎసిటిలీన్ అయితే రాగితో కలిసి పేలే స్వభావం ఉన్న పదార్థం తయారు చేస్తుంది. ఈ రెండు సర్వీసుల్లో కంచు మాట ఎత్తవద్దు.

పీటీఎఫ్ఈ. మామూలు సర్వీసులకు నేను ముందు చెప్పేది ఇదే. స్టార్ట్ చేసిన కొత్తల్లో రింగు నుంచి సన్నని పొర రాడ్ మీదికి అంటుకుంటుంది. ఆ తర్వాత రింగు లోహం మీద కాకుండా తన పొర మీదే జారుతుంది. ఆయిల్ లేకుండా కూడా నడవగలిగేది అందుకే. అయితే ఉత్త పీటీఎఫ్ఈ మెత్తన, అందుకని కార్బన్, గాజు పీచు లాంటివి కలుపుతారు. ఏది కలిపారన్నది మీ గ్యాస్‌ని బట్టి ఉండాలి. తేమ అసలు లేని పొడి నైట్రోజన్‌లో మామూలు కార్బన్ గ్రేడ్ వేగంగా అరిగిపోతుంది, దానికి వేరే గ్రేడ్‌లు ఉన్నాయి. ఆర్డర్ పెట్టేటప్పుడు రాడ్ సైజు ఒక్కటే చెప్పకండి. గ్యాస్ ఏంటి, ప్రెషర్ ఎంత, ఆయిల్ ఉందా లేదా, ఇవి కూడా రాసివ్వండి.

దీని బలహీనత రెండు. ప్రెషర్ పెరిగితే మెత్తబడి రాడ్‌కీ కప్పుకీ మధ్య సందులోకి సాగుతుంది. అందుకే వెనక ఒక బ్యాకప్ రింగు, లోహందో పీక్‌దో, రాడ్‌ని తాకకుండా పెడతారు. రెండోది, వేడికి ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెరుగుతుంది. కప్పులో పక్క క్లియరెన్స్ చాలకపోతే వేడెక్కాక రింగు ఇరుక్కుపోయి రాడ్‌తో పాటు కదలలేదు. కాబట్టి కొత్త రింగు పెట్టాక ఫీలర్ గేజ్ దూర్చి, ఆ రింగు డ్రాయింగ్‌లో ఇచ్చిన అంకెతో పోల్చండి. కంచుకి ఇచ్చిన క్లియరెన్స్ దీనికి సరిపోదు.

పీక్ గురించి ఎక్కువ చెప్పను. గట్టిది, వేడికి తట్టుకుంటుంది, బ్యాకప్ రింగుగా బాగుంటుంది. మెయిన్ సీలింగ్ రింగుగా ఆయిల్ ఉన్న ఎక్కువ ప్రెషర్ సర్వీసులో పనికొస్తుంది. ఆయిల్ లేని చోట వేసేముందు మీ గ్యాస్‌కి సరిపోయే గ్రేడేనా అని తయారీదారుని అడగండి.

ఇప్పుడు రాడ్. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి.

రాడ్ మీద వేలు పెట్టి నున్నగా ఉంది అంటే సరిపోదు. మైక్రోమీటర్ తీసుకుని రింగులు రుద్దుకునే భాగమంతా, కొద్ది దూరానికి ఒకసారి, నిలువుగా అడ్డంగా రెండు వైపులా కొలవాలి. అరుగుదల అన్ని చోట్లా ఒకేలా ఉంటే అంత ప్రమాదం లేదు. ముక్కల రింగు కాబట్టి కొంచెం సన్నబడిన రాడ్‌కి కూడా సర్దుకుంటుంది, ఎంతవరకు అన్నది తయారీదారు లిమిట్. అసలు సమస్య మధ్యలో సన్నగా, చివర్లలో లావుగా అరిగిన రాడ్. ప్రతి స్ట్రోక్‌కీ రింగు విచ్చుకుని మళ్లీ ముడుచుకోవాలి. అంత వేగంగా అది సర్దుకోలేదు. అలాంటి రాడ్ మీద కొత్త సెట్ వేస్తే మొదటి రోజు నుంచే లీక్ ఉంటుంది, తప్పు మాత్రం రింగుల మీదికి పోతుంది.

ఫినిష్ సాధారణంగా 0.2 నుంచి 0.4 మైక్రాన్ల ఆర్‌ఏ మధ్య అడుగుతారు, ఆర్‌ఏ అంటే ఉపరితలం గరుకుదనానికి సగటు కొలత. పొడవు వైపు గీతలు కనబడితే ఆ గీతే లీక్ దారి. గీత పడిన రాడ్‌ని ఎమరీ పేపర్‌తో అక్కడికక్కడ రుద్దేస్తే గుంట తయారవుతుంది. దాన్ని గ్రైండింగ్‌కి పంపి, కావాలంటే టంగ్‌స్టన్ కార్బైడ్ కోటింగ్ చేయించడమే దారి.

తర్వాత రనౌట్, అంటే స్ట్రోక్‌లో రాడ్ తన దారి నుంచి ఎంత పక్కకి జరుగుతోందన్నది. డయల్ గేజ్ పెట్టి, మెషిన్‌ని చేత్తో తిప్పుతూ పూర్తి స్ట్రోక్ చూడండి. అడ్డంగా 0.064 మిల్లీమీటర్లు దాటకూడదని ఇలాంటి కంప్రెసర్లకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఏపీఐ 618 ప్రమాణం చెబుతుంది. నిలువు రీడింగ్‌ని చల్లగా ఉన్నప్పుడు ఎంత రావాలో లెక్కకట్టిన అంకెతో పోల్చాలి. ఆ అంకెకి తేడా వచ్చిందంటే చాలాసార్లు పిస్టన్ బరువు మోసే రైడర్ బ్యాండ్ అరిగి పిస్టన్ దిగిపోయిందని అర్థం. రైడర్ బ్యాండ్ వదిలేసి ప్యాకింగ్ ఒక్కటే మార్చడం అంటే డబ్బు పారబోయడమే.

కేస్ విప్పేముందు మాత్రం మెషిన్‌ని లైన్ నుంచి వేరు చేసి, ప్రెషర్ పూర్తిగా దించి, మండే గ్యాస్ అయితే నైట్రోజన్‌తో పర్జ్ చేసి, అంటే లోపలి గ్యాస్‌ను బయటికి తోసేసి, క్రాంక్ తిరగకుండా లాక్ వేయండి. కేస్ కప్పుల్లో, సిలిండర్‌కీ క్రాంక్ కేస్‌కీ మధ్య ఉండే డిస్టెన్స్ పీస్ అనే గదిలో గ్యాస్ మిగిలి ఉంటుంది. ఈ పనిలో తొందర వద్దు.

విప్పాక కప్పుల గోడలు చూడండి. ఇందాక చెప్పాను కదా, సీలింగ్ అక్కడ కూడా జరుగుతుందని. రింగు అరిగిన చోట మెట్టు పడి ఉంటే ఆ కప్పుని ల్యాపింగ్ చేయించాలి, అంటే సన్నగా రాపిడి పెట్టి చదును చేయించాలి, లేదా మార్చాలి. కేస్ లోపలి చివర, కేస్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు మూసే నోస్ గ్యాస్కెట్ ఉంటుంది. పాతదే మళ్లీ వేయడం చాలా చోట్ల చూస్తాను, దయచేసి వద్దు. అక్కడ లీక్ అయితే రింగుల పక్క నుంచి కాదు, కేస్ బయటి నుంచే గ్యాస్ పోతుంది. మీరు ఎన్ని రింగులు మార్చినా ఆగదు.

బిగించేటప్పుడు ముక్కల మీదున్న అక్షరాలు చూసి, ఒకే సెట్ ముక్కలు ఒకే వరసలో పెట్టండి. ఈ సెట్ ముక్క ఆ సెట్‌లో కలపకండి. ముక్కల చివర్లను ఆకురాయితో రుద్దకండి. పిస్టన్‌తో పాటు రాడ్ దూర్చాల్సి వస్తే థ్రెడ్ మీద ఎంట్రీ స్లీవ్ తొడగండి, లేకపోతే థ్రెడ్ అంచులే కొత్త రింగుల్ని కోసేస్తాయి. నట్లు ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచ్‌తో.

ఆయిల్ విషయం ఒక్క ముక్కలో: తక్కువైతే వేడి, ఎక్కువైతే జిగురు. జిగురు పేరుకుంటే రింగు కప్పులో కదలలేదు. ఆయిల్‌ను ఒక వైపే పోనిచ్చే లైన్‌లోని చెక్ వాల్వ్ పనిచేయకపోతే గ్యాస్ వెనక్కి తోసి ఆయిల్ ఆపేస్తుంది, కాబట్టి పంపు తిరుగుతోందని నిశ్చింతగా ఉండకండి, కేస్ దగ్గరికి ఆయిల్ వస్తోందో లేదో చూడండి. వేడి కొలిచేవాళ్లకు ఒక జాగ్రత్త. మెరిసే రాడ్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. నడుస్తుండగా కేస్ ఫ్లాంజ్ మీద, ప్యాకింగ్ నుంచి కారిన గ్యాస్‌ను తీసుకెళ్లే వెంట్ లైన్ మీద చూడండి. రాడ్ మీద ఆపాక కాంటాక్ట్ థర్మామీటర్ పెట్టండి.

మరి ఎప్పుడు మార్చాలి? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2012 నియమంలో 26,000 గంటలకో 36 నెలలకో ప్యాకింగ్ మార్చమంది. 2024లో వచ్చిన కొత్త నియమం లీక్ కొలతకు పెద్దపీట వేసింది: సిలిండర్‌కి నిమిషానికి 2 ఘనపుటడుగులు దాటకూడదు. నాకు ఈ పద్ధతే నచ్చింది. సరిగ్గా బిగించిన కొత్త ప్యాకింగ్‌లో కూడా గంటకు సుమారు 12 ఘనపుటడుగుల లీక్ ఉంటుందని, పాడైన ఒక సిస్టమ్‌లో 900 దాకా కనబడిందని అదే సంస్థ రాసింది. సున్నా లీక్ ఆశించకండి. బాగున్న సెట్‌ని క్యాలెండర్ చూసి తీసేయకండి, పాడైన దాన్ని క్యాలెండర్ చూసి ఉంచకండి. పోయేది మీథేన్ అయితే అది డబ్బు నష్టమే కాదు. 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది.

కొలవడం కష్టమేం కాదు. ప్రతి సిలిండర్ వెంట్ లైన్‌కి విడిగా ఫ్లో మీటర్ పెట్టండి. అన్నీ ఒకే ఉమ్మడి పైపులో (హెడర్) కలిశాక కొలిస్తే ఏది లీక్ అవుతోందో తెలియదు. రీడింగ్ సున్నా వస్తే సంతోషించకండి, వెంట్ మూసుకుపోయిందేమో చూడండి, ఎందుకంటే అప్పుడు గ్యాస్ డిస్టెన్స్ పీస్‌లోకి, అక్కడి నుంచి క్రాంక్ కేస్ వైపు పోతుంది. కొత్త సెట్ వేశాక తక్కువ లోడ్ మీద నడిపి, రింగులు కుదురుకుని వేడి నిలకడగా ఉన్నాక ఒక రీడింగ్ తీసి, ప్రెషర్, ఫ్లో, కేస్ వేడి మూడూ లాగ్‌బుక్‌లో మొదటి లైన్‌గా రాయండి. వచ్చే నెల రీడింగ్‌ని పోల్చాల్సింది ఆ లైన్‌తోనే.