తిట్టు కాదు, ప్రశ్న: వలసల మీద నాయకుల మాటలను ఎదుర్కోవడం ఎలా

అందరికీ నమస్కారం.

2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేల పైచిలుకు. 2021కి సుమారు 59 వేలయ్యారు. కాబట్టి ఇక్కడ ఏ నాయకుడు వలసల గురించి నోరు విప్పినా ఆ సెగ మనకూ తగులుతుంది. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో "రేసిస్టు" అని తీర్పు కూడా అయిపోతుంది. ఆ మాట చాలాసార్లు నిజమే. చిక్కేమిటంటే, దానికి నాయకుడు "నేను కాదు" అంటే చాలు, అక్కడితో సరి. ఆయన్ని ఇరకాటంలో పెట్టేది ప్రశ్న. అది కూడా, జవాబు రికార్డుకెక్కే చోట వేసిన ప్రశ్న.

1988 ఆగస్టు సంగతి చూడండి. జాన్ హోవర్డ్ అప్పుడు లిబరల్ పార్టీ అధినేత, ప్రతిపక్ష నాయకుడు. సమాజంలో సఖ్యత కోసం ఆసియా వలసలు కాస్త నెమ్మదిస్తే మంచిదని రేడియోలో అన్నారు. మాట మెత్తగానే ఉంది. దాన్ని అమలు చేయడమెలా? దరఖాస్తులో వయసు, చదువు, వృత్తి, బంధుత్వం అడుగుతారు. ఒక్క ఖండం వాళ్లనే తగ్గించాలంటే వాటి పక్కన జాతి అనే గడి కొత్తగా గీయాలి. లేబర్ పార్టీ ప్రధాని బాబ్ హాక్ సరిగ్గా ఆ గడి మీదే వేలు పెట్టారు. వలసదారుల ఎంపికకు జాతి ఎన్నడూ ప్రాతిపదిక కాకూడదని ఆ నెలలోనే సభలో తీర్మానం పెట్టారు. ఇక హోవర్డ్‌కు దాటవేసే దారి లేదు, ఓటు వేసి తేల్చాలి. ఆయన పార్టీ వ్యతిరేకించింది. ఫిలిప్ రడాక్, ఇయాన్ మెక్‌ఫీ, స్టీల్ హాల్ మాత్రం సొంత నాయకుణ్ణి కాదని లేచి వెళ్లి అవతలి పక్షాన కూర్చున్నారు. మరుసటి ఏడాది హోవర్డ్ పదవి పోయింది. దానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, 1995లో మళ్లీ నాయకుడయ్యే వేళకు ఆ మాటలు పొరపాటని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. (ఆ రడాకే తర్వాత హోవర్డ్ ప్రభుత్వంలో వలసల మంత్రి అయి, పడవల్లో వచ్చిన శరణార్థుల విషయంలో ఎంత కఠినంగా ఉన్నారో మీకు తెలుసు. అది వేరే ప్రసంగం.)

ఈ దేశంలో జాతి గడిని కాగితం మీద కనిపించకుండా నడిపిన అనుభవం పాతదే. 1901 వలస నియంత్రణ చట్టం ఫలానా జాతివాళ్లు రాకూడదని చెప్పలేదు. ఏదైనా యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్ రాయాలంది, అంతే. భాషను ఎంచుకునేది అధికారి. వద్దనుకున్న మనిషికి రాని భాషే ఎంచుతాడు. 1934లో ఎగాన్ కిష్ అనే పాత్రికేయుడికి చాలా యూరప్ భాషలు వచ్చని తెలిసి స్కాట్లండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది ఈ చట్టం చెప్పే యూరప్ భాష కిందికి రాదని హైకోర్టు (ఇక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) కొట్టేసింది. అందుకే "జాతి ఊసే ఎత్తలేదు" అని ఏ నాయకుడైనా అంటే అక్కడితో ఆగకండి. నియమం ఏ బల్ల దగ్గర, ఎవరి చేతిలో అమలవుతుందో అడగండి.

ఇప్పుడు గురి తప్పిన విమర్శ. 1996 సెప్టెంబర్ 10న కొత్తగా గెలిచిన ఎంపీ పాలీన్ హాన్సన్ పార్లమెంటులో తన తొలి ప్రసంగంలో, ఆసియావాళ్లు మనల్ని ముంచెత్తే ప్రమాదం ఉందన్నారు. ఆ తర్వాత ఒక టీవీ ఇంటర్వ్యూలో "మీరు జెనోఫోబిక్కా?" (పరాయివాళ్లంటే భయమా, ద్వేషమా?) అని అడిగారు. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్" అన్నారు. చదువుకున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ పెద్ద మాట తమకూ తెలియని లక్షల మంది మాత్రం ఆ నవ్వు తమ మీదే అనుకున్నారు. హాన్సన్ ఆ రెండు మాటల్నే తన బ్రాండ్ చేసుకున్నారు, ఈనాటికీ వాడుకుంటున్నారు. అప్పటికి ప్రధాని అయిన హోవర్డ్ ఆమెను వెంటనే ఖండించలేదు. జనం ఇప్పుడు కాస్త స్వేచ్ఛగా మాట్లాడగలుగుతున్నారని సంతోషించారు. అక్టోబర్ 30న జాతి సమానత్వంపై రెండు ప్రధాన పక్షాలూ కలిసి చేసిన తీర్మానంలో ఆమె పేరే లేదు. పేరు లేని తీర్మానం ఎవరికి తగులుతుంది?

నవ్వుతూ కూర్చున్నవాళ్లు ఆమె అంకెను పట్టించుకోలేదు. 1984 నుంచి 1995 దాకా వచ్చిన వలసదారుల్లో 40 శాతం ఆసియావాళ్లేనని ఆమె అన్నారు. అది వచ్చేవాళ్ల లెక్క. ఉన్నవాళ్ల లెక్క వేరు. 1996లో దేశ జనాభాలో ఆసియాలో పుట్టినవాళ్లు ఇంచుమించు 5 శాతం. నిండుబిందెలో చెంబుడు నీళ్లు పోస్తూ, ఆ చెంబులో సగం దాకా బావి నీళ్లేనని చూపించి, బిందెలో సగం బావి నీళ్లే అన్నట్టుంది. ఈ కిటుకు ఇప్పటికీ నడుస్తోంది. దేశంలోకి వచ్చినవాళ్ల సంఖ్యను స్థిరపడ్డవాళ్ల సంఖ్యగా చూపిస్తారు. నికర వలసలో, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లిపోయినవాళ్లను తీసేసిన లెక్కలో, 16 నెలల్లో 12 నెలలు ఇక్కడున్న విద్యార్థి కూడా లెక్కకొస్తాడు. శాశ్వత నివాసానికి ప్రభుత్వం పెట్టుకునే ఏటి పరిమితి వేరు, 2024-25కి అది 1,85,000. నాయకుడు అంకె చెప్పగానే అది ఈ మూడింటిలో ఏ లెక్క అని అడగండి.

హాన్సన్‌ను నిజంగా దెబ్బతీసింది 1998 అక్టోబర్ ఎన్నిక. క్వీన్స్‌లాండ్‌లోని బ్లెయిర్ స్థానంలో ఆమెకు దాదాపు 36 శాతం తొలి ప్రాధాన్య ఓట్లు పడ్డాయి, అందరికంటే ఎక్కువ. లేబర్‌కు 25 శాతం. లిబరల్ అభ్యర్థి కామెరాన్ థాంప్సన్‌కు 22 శాతం లోపే, మూడో స్థానం. గెలిచింది ఆయనే. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అడుగునున్నవాళ్లను ఎలిమినేట్ చేస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు పంచుతారే, అదే లెక్కింపు. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి గడిలోనూ అంకె వెయ్యాలి, లేదంటే ఓటు చెల్లదు. లిబరల్స్ మిత్రపక్షమైన నేషనల్స్ ఓట్లు బదిలీ కాగానే థాంప్సన్ లేబర్‌ను దాటారు. లేబర్ ఎలిమినేట్ కాగానే వాళ్ల ఓట్లలో ఎక్కువ భాగం ఆయనకే వచ్చాయి. రెండు పెద్ద పార్టీలూ తమ ఓటు కార్డుల్లో (ఎవరికి ఏ అంకె వెయ్యాలో చెబుతూ ఓటర్లకు పంచే కాగితాలు) హాన్సన్‌కు చివరి అంకె వెయ్యమని అచ్చేశాయి కాబట్టి. అంతకు నాలుగు నెలల ముందు క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో లిబరల్, నేషనల్ కార్డులు ఆమె పార్టీని లేబర్ కంటే పైన పెట్టాయి. ఫలితం: 89 సీట్లలో 11. ఏ పార్టీ నాయకుణ్ణయినా అడగాల్సింది ఖండిస్తారా అని కాదు. మీ కార్డులో వాళ్లకు ఎన్నో అంకె?

చట్టం సంగతి. 1975 జాతి వివక్ష చట్టంలో 18సి సెక్షన్ 1995లో చేరింది. జాతి, రంగు, జాతీయ మూలం కారణంగా ఒకరిని బహిరంగంగా నొప్పించే, అవమానించే, బెదిరించే పని చట్టవిరుద్ధం. నేరం కాదు, సివిల్ వ్యవహారం. చాలామంది మూడు చోట్ల పొరబడతారు. సభలో అన్న మాటకు పార్లమెంటు రక్షణ ఉంది, 1996 ప్రసంగం మీద దావా కుదరదు. రెండోది, మతం ఈ చట్టంలో లేదు. మూడోది, సద్బుద్ధితో చేసిన న్యాయమైన వ్యాఖ్యకు 18డి మినహాయింపు ఇస్తుంది. ఎలిజబెత్ రాణి మరణించినప్పుడు పాకిస్తాన్‌లో పుట్టిన సెనేటర్ మెహ్రీన్ ఫరూఖీ బ్రిటిష్ సామ్రాజ్యాన్ని విమర్శించారు. మూటాముల్లె సర్దుకుని పాకిస్తాన్ పొమ్మంటూ హాన్సన్ బూతు కలిపి ట్వీట్ చేశారు. అది సభ బయటి మాట. 2024 నవంబర్ 1న ఫెడరల్ కోర్టు అది 18సికి విరుద్ధమని తేల్చి, ట్వీట్ తీసేయమంది, ఖర్చులు కట్టమంది. హాన్సన్ అప్పీలుకు వెళ్లారు.

ఇటీవలిది మన గురించే. 2025 సెప్టెంబర్‌లో లిబరల్ సెనేటర్ జసింటా ప్రైస్, లేబర్ ప్రభుత్వం ఓట్ల కోసం భారతీయులను రప్పిస్తోందన్న అర్థంలో మాట్లాడారు. ఎలా? నైపుణ్య వీసా పాయింట్ల పట్టికలో దేశం అనే గడి లేదు. 25 నుంచి 32 ఏళ్ల వయసుకు 30, ఆపైన ఇంగ్లిష్‌కు, చదువుకు, అనుభవానికి. కనీసం 65 రావాలి. తర్వాత పౌరసత్వానికి నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం, అందులో చివరి ఏడాది శాశ్వత నివాసిగా ఉండాలి. ఓటు ఆ తర్వాతే. చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు ఆ ఓటు వేసేలోగా రెండు మూడు ఎన్నికలు అయిపోతాయి. అప్పటి పార్టీ నాయకురాలు సుసాన్ లీ వారం తర్వాత ప్రైస్‌ను షాడో మంత్రివర్గం (మంత్రులకు దీటుగా ప్రతిపక్షం పెట్టుకునే జట్టు) నుంచి తీసేశారు, ఆ పైన భారతీయులకు క్షమాపణ చెప్పారు. కానీ తొలగింపుకు చూపిన కారణాలు గమనించండి: క్షమాపణ చెప్పకపోవడంతో పాటు నాయకురాలి మీద విశ్వాసం ప్రకటించకపోవడం. భారతీయుల గురించి అన్న మాట ఒక్కటే కాదు. లీ మీద విమర్శ గట్టిగా నిలవాల్సింది అక్కడ.

ఓటు లేని విద్యార్థులకు ఒక మాట. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, రుసుమూ లేదు. ముందు కమిషన్ రాజీకి చూస్తుంది. అది కుదరక ఫైలు మూస్తే, 60 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి. పోస్టును స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు లింకు, తేదీ, ఖాతా పేరు మూడూ ఒకే ఫ్రేములో పడేలా తీయండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన బొమ్మను మాత్రం జతచేయకండి. మూల పోస్టు తొలగించాక అది ఎవరిదో నిరూపించడం కష్టం.