గ్యారేజీలో నిద్రపోయే కారుకు ఏ కవరు కప్పాలి?

శ్రోతలకు నమస్కారం.

మంచు కురిసే ప్రాంతాల్లో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు చలికాలం రాగానే దాన్ని గ్యారేజీలో పెట్టేస్తారు. మళ్లీ బయటికి తీసేది నాలుగైదు నెలల తర్వాతే. రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. పైగా ఇలాంటి కార్లకు వేసే వేసవి టైర్లు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే కిందికి దిగితే గట్టిపడి రోడ్డు మీద పట్టు కోల్పోతాయి. కాబట్టి కారును పక్కన పెట్టడం తెలివైన పనే. తికమకంతా దాని మీద కప్పే కవరు కొనేటప్పుడు మొదలవుతుంది.

మూడు పొరలది, ఐదు పొరలది, ఎంత వాన పడినా చుక్క నీరు దిగనిది... అమ్మేవాళ్లు ఇలా వరసపెట్టి చెబుతుంటారు. ఎంత మందంగా, ఎంత బరువుగా ఉంటే అంత మంచిదని మనకూ అనిపిస్తుంది. గ్యారేజీలో ఉండే కారుకు మాత్రం ఆ మందపాటి వాటర్‌ప్రూఫ్ కవరు పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, చెడు కూడా చేస్తుంది.

గ్యారేజీలో వాన పడదు. ఎండ కొట్టదు. పక్షి రెట్టలు పడవు. గాలి విసురుకు కవరు ఎగిరిపోదు. బయట పెట్టే కారు కవరు ఏయే శత్రువులను ఎదుర్కోవాలో వాటిలో ఒక్కటీ ఇక్కడ లేదు. ఇక్కడున్న శత్రువు తేమ. అది పైనుంచి రాదు, అప్పటికే గాలిలో ఉంటుంది. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. సున్నా డిగ్రీల వద్ద 5 గ్రాములకు మించి పట్టుకోలేదు. ఇప్పుడు ఇలా ఊహించండి. వారం రోజులు గడ్డకట్టే చలి. కారులోని ఇంజను, బ్రేకు డిస్కులు, తలుపుల రేకు అన్నీ చల్లబడి ఉన్నాయి. ఒకరోజు ఉన్నట్టుండి వాతావరణం మారి వెచ్చటి, తేమతో నిండిన గాలి వీచింది. గ్యారేజీలోని గాలి గంటలో వేడెక్కుతుంది, ఇనుము మాత్రం అంత తొందరగా వేడెక్కదు. ఆ వెచ్చటి గాలి చల్లటి లోహాన్ని తాకగానే దానిలోని ఆవిరి నీటి బిందువులుగా మారి అక్కడే కూర్చుంటుంది. ఒక్క చుక్క వాన పడకుండానే కారు తడుస్తుందన్నమాట.

అలా పట్టిన నీరు ఆరిపోవాలంటే దాని ఆవిరికి బయటికి దారి ఉండాలి. గాలి ఆడే బట్టయితే కొన్ని గంటల్లో ఆరిపోతుంది. ప్లాస్టిక్ పొర ఉన్న కవరయితే ఆ తేమ అక్కడే ఉండిపోతుంది. రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తినవాడు వానకు తడవకపోయినా చెమటకు తడిసినట్టే ఇది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టుకోగలిగే ఆవిరిలో ఎంత శాతం అప్పటికే ఉందో ఆ లెక్క, 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. ఇంకా పెరిగితే తోలు సీట్ల మీద, స్టీరింగ్ మీద బూజు పడుతుంది. నెలల తరబడి తేమ అంటుకుని ఉంటే పెయింటు మీద సన్నటి పొక్కులు కూడా రావచ్చు. చవక పీవీసీ కవర్లతో ఇంకో బాధ ఉంది. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు మెల్లగా బయటికి వచ్చి పెయింటు మీద మరకలు వేస్తాయి. వాటిని గ్యారేజీ గుమ్మం కూడా తొక్కనివ్వకండి.

బట్టలోంచి గాలి ఆడుతుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కవరు అమ్మేవాళ్లు శాంపిల్ గుడ్డ ముక్కలు ఇస్తుంటారు, అడిగి తీసుకోండి. ఒక కప్పు వేడినీళ్ల మీద ఆ ముక్కను కప్పి, దానికి కాస్త పైన చల్లటి అద్దాన్ని పట్టుకోండి. అద్దం మీద ఆవిరి పడితే బట్ట ఊపిరి పీలుస్తున్నట్టే. అద్దం పొడిగా ఉంటే ఆ కవరును వదిలేయండి. అదే ముక్కను పాత సీడీ మెరిసే వైపు గట్టిగా రుద్ది, దీపం కింద పెట్టి చూడండి. సన్నటి గీతలు కనిపిస్తే మీ పెయింటు మీద కూడా అవే పడతాయి. కారు పెయింటు మీద ఉండే క్లియర్ కోట్ అనే రంగులేని పై పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే సగటు తల వెంట్రుక కంటే పల్చన. గీత పడిన ప్రతిసారీ పాలిష్ పట్టుకుంటూ పోతే అది ఎంతో కాలం నిలవదు. మెరుపు లేని మ్యాట్ పెయింటు ఉన్నవాళ్లకైతే ఆ పాలిష్ దారి కూడా లేదు, పాలిష్ పడితే అక్కడ మెరుపు వచ్చి మచ్చలా కనిపిస్తుంది.

మరి ఏ బట్ట తీసుకోవాలి? కాటన్ ఫ్లానెల్‌కు, అంటే నూగు తేల్చిన మెత్తటి నూలు బట్టకు, పాతకాలం నుంచీ మంచి పేరు. మెత్తదనంలో దాన్ని మించింది లేదు. కానీ కాటన్ మామూలు గాలిలోనే తన బరువులో 7, 8 శాతం తేమను పీల్చి పెట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. కాబట్టి వేడి సదుపాయం ఉండి, ఎప్పుడూ పొడిగా ఉండే గ్యారేజీకి ఫ్లానెల్ చక్కటిది. చెమ్మగా ఉండే గ్యారేజీలో అదే ఫ్లానెల్ చలికాలమంతా తడిగుడ్డలా కారును అంటిపెట్టుకుని ఉంటుంది. అలాంటి చోట లోపలి వైపు మెత్తటి నూగు ఉన్న, సాగే పాలిస్టర్ అల్లిక బట్టే నయం. నన్నడిగితే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. పొడి గాలిలో దీనికి కాస్త స్టాటిక్ విద్యుత్తు వచ్చి దుమ్మును లాక్కుంటుంది గానీ ఆ దుమ్ము పైవైపే ఉంటుంది, పెద్ద నష్టం లేదు. శాటిన్‌లా మెరిసే పల్చటి సాగే కవర్లు కూడా దొరుకుతాయి. కారు ఒంపుసొంపులన్నీ కనిపించేలా అతుక్కుని చూడ్డానికి బాగుంటాయి. అయితే పక్కనుంచి సైకిల్ హ్యాండిల్ తగిలితే ఆ పల్చటి బట్ట ఏమీ ఆపలేదు. పిల్లలు తిరిగే గ్యారేజీ అయితే కాస్త మందమున్న బట్టే మేలు.

ఇక కొలత. మామూలు కవర్లను పొడవును బట్టి చిన్నది, మధ్యరకం, పెద్దది అని అమ్ముతారు. స్పోర్ట్స్ కారుకు ఈ లెక్క సరిపోదు. ఉదాహరణకు పోర్షె 911 పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు, ఎత్తు 1.3 మీటర్లు. అంతే పొడవున్న మామూలు సెడాన్ దానికంటే జానెడు ఎత్తు ఎక్కువ ఉంటుంది. సెడాన్ కవరును దీని మీద వేస్తే చుట్టూ బట్ట మిగిలి నేల మీద పడుతుంది. నేల మీద పడిన అంచు అక్కడి తడిని పీల్చుకుంటుంది, ఎవరో ఒకరి కాలికి చుట్టుకుంటుంది కూడా. వెనుక చక్రాల దగ్గర వెడల్పు, వెనుక రెక్కలా లేచి ఉండే పెద్ద స్పాయిలర్, ముందు బంపర్ కింద కత్తి అంచులా పొడుచుకొచ్చే పెదవి, ఇవన్నీ బట్టను లాగే చోట్లే. సైడ్ మిర్రర్లకు జేబులు కుట్టి ఉన్నాయో లేదో చూసుకోండి. స్పాయిలర్ పెద్దదైతే దానికీ వేరే జేబు ఉండాలి. లేకపోతే బట్ట డేరాలా లేచి నిలబడి, ఆ అంచుల దగ్గరే చిరుగుతుంది. మీ కారు మోడలుకే కొలిచి కుట్టిన కవరుకు డబ్బు ఎక్కువైనా స్పోర్ట్స్ కారు విషయంలో అది దండగ కాదు. బయట పెట్టే కార్ల కవర్లకు ఉండే బెల్టులు, బకిల్స్ మాత్రం ఇక్కడ అనవసరం. బకిల్ ఊగి తలుపుకు తగిలితే చొట్ట పడేది మీ కారుకే.

చిన్న విషయం, చాలామంది మరచిపోయేది. నాలుగు నెలలు కదలని కారుకు బ్యాటరీ చార్జర్ తగిలించి ఉంచాలి. చార్జ్ దిగిపోయిన బ్యాటరీ చలికి గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. ఆ వైరు కవరు లోపలి నుంచి ఎటు వస్తుందో కొనేముందే ఆలోచించుకోండి. కొన్ని కార్లలో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, మూత వైరు మీద పడి నలిపేస్తుంది.

ఇంతకుముందు తేమ గురించి చెప్పాను కదా, దాన్ని ఇంకొంచెం తవ్వాలి. ఎందుకంటే గ్యారేజీ చెమ్మగా ఉంటే ఎంత ఖరీదైన కవరైనా చేసేదేమీ లేదు. నేల కాంక్రీటుదైతే మట్టిలోని తేమ దానిలోంచి పైకి వస్తుండవచ్చు. మూరెడు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి ఒక రోజు వదిలేయండి. ఎత్తి చూస్తే అడుగున నీటి బొట్లు ఉన్నాయా, లేక అక్కడ కాంక్రీటు రంగు ముదిరిందా? అయితే తేమ నేల నుంచే వస్తోంది. అప్పుడు కారు నిలిపే చోట మందపాటి ప్లాస్టిక్ షీటు పరవాలి. ప్లాస్టిక్‌కు చోటు కారు కింద, పైన కాదు.

తేమ వచ్చే రెండో దారి ఇంట్లోని మామూలు కారు. రోజూ మంచులో తిరిగి వచ్చి స్పోర్ట్స్ కారు పక్కనే ఆగుతుంది. దాని చక్రాల గూళ్లలో పది కిలోల మంచు పేరుకుని ఉంటే రాత్రికి పది లీటర్ల నీళ్లు గ్యారేజీ నేల మీద ఉంటాయి. అందులో ఉప్పు కూడా ఉంటుంది. వీలైతే ఆ కారును బయటే ఆపండి. వీలు కాకపోతే ఆ నీళ్లను ఎప్పటికప్పుడు బయటికి తోసేయండి. తేమ తీసే యంత్రం పెట్టాలనుకుంటే ఒక మాట. మామూలు కంప్రెసర్ రకం బాగా చలిగా ఉన్నచోట మంచు పట్టి పని మానేస్తుంది. వేడి లేని గ్యారేజీకి డెసికెంట్ రకం, అంటే తేమను పీల్చే పదార్థంతో పనిచేసేది, తీసుకోవాలి. చలి కాచుకోవడానికి గ్యాస్ హీటర్ మాత్రం వెలిగించకండి, గ్యాస్ మండితే నీటి ఆవిరే పుడుతుంది.

కారు కోసం గాలి బుడగలాంటి గుడారాలు కూడా దొరుకుతాయి. చిన్న ఫ్యాన్ గాలి నింపుతూ ఉంటుంది, కారుకు ఏదీ తగలదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. దుమ్ము రేగే గ్యారేజీలో అవి నిజంగా ఉపయోగమే. అయితే ఆ ఫ్యాన్ లోపలికి పంపేది గ్యారేజీలోని గాలినే. బయట ఎంత తేమ ఉందో లోపలా అంతే ఉంటుంది. కరెంటు పోతే గుడారం కారు మీద వాలిపోతుంది కూడా. అందుకే లోపల ఒక పల్చటి బట్ట కప్పి ఉంచడం మంచిది.

కవరు కప్పే రోజు పని ఎక్కువే ఉంటుంది. ముందు కారును శుభ్రంగా కడగాలి, ముఖ్యంగా అడుగుభాగాన్ని. రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ సాపేక్ష ఆర్ద్రత 33 శాతం దాటితే చాలు, గాలిలోని నీటిని లాక్కుని కరుగుతుంది. మామూలు ఉప్పుకు 75 శాతం కావాలి. అంటే మీ గ్యారేజీ 50 శాతంతో పొడిగా ఉన్నా, ఆ లవణం అంటిన చోటు చలికాలమంతా తడిగానే ఉంటుంది. కడిగాక ఒక అరగంట నడిపి బ్రేకులు, సందుల్లోని నీళ్లు ఆరనివ్వండి. తిరిగొచ్చాక వెంటనే కప్పకండి. పాలిస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. ఇంజను వెనకో మధ్యలోనో ఉన్న కార్లలో వేడంతా వెనుక జాలీలోంచి పైకే వస్తుంది. కారు పూర్తిగా చల్లారే దాకా ఆగండి. కారుకు ఈ మధ్యనే కొత్తగా రంగు వేయించి ఉంటే అది గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఎన్నాళ్లు కప్పకూడదో రంగు వేసినవాళ్లనే అడగండి. బట్ట టాపు ఉన్న కారయితే టాపు మూసి, అది పూర్తిగా ఆరాకే కప్పండి.

కప్పాక మధ్యమధ్య కవరు ఎత్తి ఇంజను ఐదు నిమిషాలు తిప్పే అలవాటు కొందరికి ఉంది. నాకు అది నచ్చదు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఐదు నిమిషాల్లో ఇంజను వేడెక్కదు, కాబట్టి ఆ నీటిలో కొంత సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. మూసిన గ్యారేజీలో పొగతో ప్రాణానికే ముప్పు. ఆ ఐదు నిమిషాల బదులు కవరు కింద చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ తగులుతోందా, ఎలుకల జాడ ఉందా అని. కవరు ఏదైనా ఎలుకను ఆపదు, మెత్తటి లైనింగ్ అయితే దానికి పరుపు కూడా దొరికినట్టే. సైలెన్సర్ గొట్టాన్నీ, గాలి పీల్చే మార్గాన్నీ స్టీలు జాలీతో మూసి, మూసినట్టు స్టీరింగ్ మీద చీటీ అంటించండి.

వసంతంలో కవరు తీసేటప్పుడు లాగకండి. రెండు పక్కల అంచులను పైకప్పు మీదికి మడిచి, ముందు నుంచి వెనక్కి చుట్టుకుంటూ వెళ్లండి. పైన పేరుకున్న దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, అవి క్లియర్ కోట్ కంటే చాలా గట్టివి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది బట్ట రంధ్రాలను పూడుస్తుంది. నీడలో ఆరేసి, సంచిలో పెట్టేముందు కుట్ల దగ్గర చేత్తో తడిమి చూడండి. బట్ట ఆరినా కుట్లు ఆలస్యంగా ఆరతాయి.

ఇక సెలవు.