చెత్తబుట్టలోని కాగితం: టోక్యో ఇంపీరియల్ హోటల్‌లో అతిథి మర్యాద

(దృశ్యం: హోటల్ గది. బల్ల పక్కన చిన్న చెత్తబుట్ట. అందులో నలిపి పడేసిన ఒక కాగితం.)

వ్యాఖ్యానం:
గది ఖాళీ చేసి వెళ్ళిపోయిన అతిథి చెత్తబుట్టలో పడేసిన కాగితాన్ని ఏం చేయాలి? టోక్యోలోని ఇంపీరియల్ హోటల్‌లో ఆ గది చెత్తను, అతిథి వెళ్ళిన తరువాత కూడా, మరో రోజు పాటు దాచి ఉంచుతారు. టెలిఫోన్ నంబరు రాసుకున్న చీటీనో, అవసరమైన రసీదునో పొరపాటున పారేసిన మనిషి విమానాశ్రయానికి చేరాక గుర్తు తెచ్చుకుని ఫోన్ చేస్తే, వెతికి ఇవ్వడానికి వీలుండాలన్నది వారి ఉద్దేశం. చాలామంది అతిథులకు ఈ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాదు. జపాన్‌లోని ఉన్నత శ్రేణి హోటళ్ళలో బస చేసినవారి అనుభవాన్ని అర్థం చేసుకోవాలంటే పాలరాతి నేలలకంటే, వేలాడే దీపాలకంటే ముందు ఈ చెత్తబుట్టను చూడాలని నా అభిప్రాయం.

(దృశ్యం: హిబియా ఉద్యానవనం ఎదుట హోటల్ ముఖద్వారం. నల్ల సూట్లు, తెల్ల టైలు ధరించిన పెళ్ళి అతిథులు లోపలికి వెళుతుంటారు.)

మన ఊళ్ళలో హోటల్ అనగానే ఇడ్లీ, దోసె దొరికే చోటు గుర్తుకు వస్తుంది. జపాన్‌లో ఆ మాటకు బస అన్న అర్థమే ఉన్నప్పటికీ, అందులోనూ తరగతులున్నాయి. చాపలు పరిచిన గదులతో సంప్రదాయ పద్ధతిలో నడిచేది రియోకాన్. పనిమీద ఊరికి వచ్చినవారు తక్కువ ఖర్చుతో రాత్రి గడిపే చిన్న గదుల హోటల్‌ను బిజినెస్ హోటల్ అంటారు. పెద్ద విందు మందిరాలు, అనేక భోజనశాలలు, వివాహ వేదికలు కలిగిన సంపూర్ణ హోటల్‌ను సిటీ హోటల్ అంటారు. అందువల్ల సిటీ హోటల్ లాబీలో కనిపించేవారందరూ ఆ రాత్రి అక్కడ నిద్రపోయేవారు కారు. పెళ్ళికి వచ్చినవారు, కంపెనీ విందుకు వచ్చినవారు, కేవలం ఒక కప్పు టీ తాగడానికి వచ్చిన పెద్దలు కూడా ఆ హోటల్‌కు అతిథులే.

(దృశ్యం: 10,000 యెన్‌ల కొత్త నోటు. దానిమీది ముఖంపై కెమెరా నెమ్మదిగా ఆగుతుంది.)

ఇంపీరియల్ హోటల్ 1890లో తెరుచుకుంది. పాశ్చాత్య దేశాల నుంచి వచ్చే రాయబారులకు, వ్యాపారులకు తగిన బస రాజధానిలో ఉండాలని మేజీ చక్రవర్తి కాలపు (1868–1912) ప్రభుత్వ పెద్దలు, పారిశ్రామికవేత్తలు కలిసి దానిని నెలకొల్పారు. దాని తొలి అధ్యక్షుడు షిబుసావా ఎయిచి. 2024 జూలైలో విడుదలైన 10,000 యెన్‌ల నోటు మీద ఉన్నది ఆయన ముఖమే. అంటే, అక్కడ నగదుతో బిల్లు కట్టే అతిథి ఆ సంస్థ తొలి అధ్యక్షుడి బొమ్మనే గల్లా మీద పెడుతున్నాడన్న మాట. ఆ నోటును చేతికి అందించనక్కరలేదు. ముందర ఒక చిన్న పళ్ళెం ఉంటుంది, డబ్బు అందులో పెట్టాలి, చిల్లర కూడా అందులోనే తిరిగి వస్తుంది. గది అద్దె మీద సేవా రుసుము సాధారణంగా 10 నుంచి 15 శాతం వరకు బిల్లులోనే కలిసి ఉంటుంది కనుక విడిగా టిప్పు ఇచ్చే ఆచారం లేదు. బలవంతంగా ఇవ్వబోతే ఉద్యోగులు ఇబ్బంది పడతారు.

ఆ హోటల్ ఉతుకుడు విభాగం 1911లో మొదలైంది. అప్పటికి జపాన్‌లో మరే హోటల్‌కూ సొంతంగా అటువంటి విభాగం లేదు. నెలల తరబడి ఓడలో ప్రయాణించి వచ్చిన విదేశీయులకు మొదట కావలసింది శుభ్రమైన చొక్కా అని గ్రహించినవారి ఆలోచన అది. చొక్కాకు బటన్ ఊడి ఉంటే, అతిథి చెప్పకపోయినా, దానికి సరిపోలే బటన్ వెతికి కుట్టి పంపించడం ఆ విభాగానికి పేరు తెచ్చింది. వేసుకునేటప్పుడు ఆ బటన్ అక్కడ ఉండటం ఎంత సహజంగా అనిపించాలంటే, అది ఊడిపోయి ఉండిన సంగతే అతిథి మరిచిపోవాలి.

(దృశ్యం: వంటగది. సన్నగా తరిగిన ఉల్లిపాయల కుప్ప.)

1936లో రష్యన్ గాయకుడు ఫ్యోదర్ షాలియాపిన్ ఈ హోటల్‌లో బస చేశాడు. పంటి నొప్పితో బాధపడుతున్న ఆయన, నమలడానికి సులువుగా ఉండే మాంసం కావాలని కోరాడు. వంటవారు పశుమాంసాన్ని పలచగా కొట్టి, సన్నగా తరిగిన ఉల్లిలో నానబెట్టి, మెత్తబడిన తరువాత కాల్చి వడ్డించారు. షాలియాపిన్ స్టేక్ అనే పేరుతో ఆ వంటకం నేటికీ జపాన్‌లో నిలిచి ఉంది. ఒక మనిషి పంటి నొప్పి ఒక దేశపు వంటల జాబితాలోకి ఎక్కిందంటే, ఆ వంటగదిలో అతిథి మాటను ఎంత శ్రద్ధగా విన్నారో తెలుస్తుంది.

మరొక చిత్రమైన మాట కూడా ఇక్కడే పుట్టింది. ఉత్తర ఐరోపాలో పెద్ద బల్ల మీద అనేక పదార్థాలు ఉంచి, ఎవరికి కావలసినది వారు వడ్డించుకునే పద్ధతిని చూసి వచ్చిన హోటల్ యాజమాన్యం, 1958లో ఇంపీరియల్ వైకింగ్ అనే భోజనశాలను ప్రారంభించింది. అది ఎంత ప్రసిద్ధమైందంటే, జపాన్ దేశమంతటా బఫే భోజనానికి బైకింగు (వైకింగ్ అన్న మాటకు జపనీయుల ఉచ్చారణ) అన్న పేరే స్థిరపడిపోయింది. ఉదయపు ఫలహారం బైకింగు అని మీ గది కాగితాలలో ఉంటే, వైకింగులనే పాతకాలపు సముద్రపు దొంగల గురించి ఆలోచించనక్కరలేదు, పళ్ళెం తీసుకుని వెళ్ళవచ్చు.

(దృశ్యం: మిసో సూప్ గిన్నె. పక్కన ఎండు చేప పలుచని తురుము.)

తెలుగు ప్రయాణికులలో శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా వినవలసిన సంగతి ఒకటి ఉంది. జపనీయుల వంటలో అనేక పదార్థాలకు ఆధారం దాషి అనే రసం. దానిని సాధారణంగా ఎండబెట్టిన బోనిటో చేప తురుముతోనూ, కొంబు అనే సముద్రపు నాచుతోనూ కాస్తారు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో, ఉడికించిన కూరగాయలలో, బజ్జీల వంటి టెంపురా ముంచుకునే పులుసులో ఆ చేప రసం ఉంటుంది, పైకి ముక్క ఒక్కటీ కనిపించదు. అందువల్ల బల్ల దగ్గర కూర్చున్న తరువాత “మేము శాకాహారులం” అనడం సరిపోదు. గది బుక్ చేసినప్పుడే, “చేప రసం కూడా మేము తీసుకోము” అని స్పష్టంగా రాసి పంపాలి.

ముందుగా చెప్పినప్పుడు ఎంత శ్రద్ధ చూపుతారో, అప్పటికప్పుడు మార్పు అడిగితే అంత నిస్సహాయంగా కనిపిస్తారు. దీనిని కొందరు మొండితనంగా భావిస్తారు. నేను అలా అనుకోను. మన ఇళ్ళలో మర్యాద వడ్డన సమయంలో జరుగుతుంది: “ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి” అని కొసరి కొసరి వడ్డిస్తాము, అతిథి వద్దన్నా విస్తరిలో మరో గరిటె పడుతుంది. జపనీయులు ఒమొతెనాషి అని పిలిచే మర్యాద అతిథి రాకముందే చాలావరకు పూర్తయిపోతుంది. ఆ తరువాత వారు ఒక అడుగు వెనక్కి తగ్గి నిలబడతారు. అన్నీ ముందే అమర్చిన చోట చివరి నిమిషపు కోరిక ఆ అమరికను మొత్తంగా కదిలిస్తుంది. అటువంటప్పుడు సిబ్బంది నేరుగా కాదనరు, “కొంచెం కష్టం” అంటారు. మన పెద్దలు “చూద్దాం లెండి” అంటే ఎలా అర్థం చేసుకుంటామో, దానినీ అలాగే అర్థం చేసుకోవాలి.

వినయానికి హద్దు లేదని కూడా అనుకోకూడదు. వసతి వ్యాపార చట్టానికి చేసిన సవరణ 2023 డిసెంబరులో అమలులోకి వచ్చిన తరువాత, సిబ్బందిని మితిమీరిన కోరికలతో పదే పదే వేధించే వ్యక్తికి గది నిరాకరించే హక్కు హోటళ్ళకు లభించింది. సేవ చేసేవారి గౌరవాన్ని కూడా కాపాడే ఆ సవరణ అవసరమైనదే.

కొన్ని చిన్న సంగతులు. గదిలో ఇచ్చే రాత్రి దుస్తులు, చెప్పులు గది వరకే, రియోకాన్‌లో తిరిగినట్టు ఇక్కడ వాటితో లాబీలోకి రాకూడదు. యుకాతా అనే పలుచని నూలు అంగీ ఇస్తే ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి, దానికి విరుద్ధంగా చుట్టేది మృతదేహానికి మాత్రమే. కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు బల్లపరుపు పిన్నులు ఉండాలి కనుక మన గుండ్రని పిన్నుల చార్జరుకు అడాప్టరు తప్పనిసరి. బరువైన పెట్టెలను తక్యూబిన్ పద్ధతిలో తరువాతి ఊరి హోటల్‌కు నేరుగా పంపించే ఏర్పాటు రిసెప్షన్‌లోనే ఉంటుంది.

(దృశ్యం: ఇనుయామా పట్టణంలోని మేజీ మురా అనే ఆరుబయలు ప్రదర్శనశాలలో నిలబెట్టిన పాత హోటల్ ముఖద్వారం. చెక్కిన ఓయా రాయి అనే మెత్తని అగ్నిపర్వత శిల.)

అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఇంపీరియల్ భవనం ప్రారంభోత్సవం 1923 సెప్టెంబరు 1న జరగవలసి ఉంది. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలకు రెండు నిమిషాల ముందు మహా కాంతో భూకంపం సంభవించి, తరువాత చెలరేగిన మంటలతో కలిసి లక్షకు పైగా ప్రాణాలు తీసింది. చుట్టూ నగరం కాలిపోతుండగా, ఆ భవనం కొంత దెబ్బతిన్నా నిలబడింది. ముందున్న కొలను నీళ్ళు మంటలను ఆపడానికి ఉపయోగపడ్డాయి. చోటు కోల్పోయిన రాయబార కార్యాలయాలకు, పత్రికలకు హోటల్ ఆశ్రయమిచ్చింది. మెత్తని నేలలో క్రమంగా కుంగిపోయిన ఆ భవనాన్ని 1960ల చివరిలో కూల్చివేశారు. దాని ముఖద్వారాన్ని మాత్రం నగోయా సమీపంలోని మేజీ మురాలో తిరిగి నిలబెట్టారు.

(దృశ్యం: రాత్రి. హోటల్ లాబీ. నేల మీద కూర్చున్న జనం.)

2011 మార్చి 11న మళ్ళీ భూమి కంపించినప్పుడు టోక్యోలో రైళ్ళు ఆగిపోయి, ఇళ్ళకు చేరే దారి లేక లక్షలాది ఉద్యోగులు వీధులలో చిక్కుకున్నారు. ఆ రాత్రి ఇంపీరియల్ హోటల్ తలుపులు తెరిచి ఉంచింది. గది బుక్ చేయనివారు, ఒక్క యెన్ కూడా చెల్లించనివారు సుమారు 2,000 మంది లాబీలోనూ, విందు మందిరాలలోనూ తెల్లవారేవరకు తలదాచుకున్నారు. వారికి దుప్పట్లు, నీళ్ళు, ఆహారం అందించారు.